కంచికి పోనొల్లని కథ: ఓజ్ కథామాల, దాని బాలపాఠకులు

తెలుగునాట కథ చెప్పు పెద్దలు చివర "కథ కంచికి, మనము ఇంటికి" అని ముగించుట తరతరముల వాడుక. వినుచున్న పిల్లలు మరియొక కథ చెప్పుమని అడుగుదురే కాని, కంచికి పోయిన కథనే తిరిగి పిలిపింపుమని పట్టుపట్టుట అరుదు. అట్లు పట్టుపట్టి, రచయిత స్వయముగా సాగనంపిన కథను మూడేండ్లలో వెనుకకు రప్పించుకొనిన బాలపాఠకుల వృత్తాంతము అమెరికా బాలసాహిత్య చరిత్రలో కలదు. ఆ కథామాల పేరు ఓజ్. దాని కర్త లైమన్ ఫ్రాంక్ బామ్. 1910లో ఆయన ఇదియే తుది గ్రంథమని ఒక పుస్తకమును వెలువరించెను. 1913లో ఆ తుదిని తానే రద్దుపరచుకొనెను. 1919లో ఆయన మరణించిన పిదప, 1920లో వెలువడిన గ్రంథము ఆయన రచనలలో నిజముగా తుదిది. దానిని గూడ చదువరులు తుదిగా అంగీకరింపలేదు.

గ్రంథము వ్రాయువాడు రచయిత, అచ్చువేయించువాడు ప్రచురణకర్త, కొని యిచ్చువారు తల్లిదండ్రులు, భద్రపరచువారు గ్రంథపాలకులు. వీరి మాటలన్నియు సాహిత్యచరిత్రలో ఏదో యొక విధమున నిలిచియుండును. చదివిన బిడ్డ మాట మాత్రము సాధారణముగా నిలువదు. ఓజ్ విషయమున అది నిలిచెను. ఏలయన, బామ్ తనకు వచ్చిన ఉత్తరములను గూర్చి తన పీఠికలలో పలుమార్లు ప్రస్తావించెను. ఆ పీఠికలను వరుసగా చదివినచో, ఒక రచయితకును ఆయన చిన్నారి పాఠకులకును నడుమ ఏండ్ల తరబడి సాగిన బేరము కన్నులకు కట్టినట్లు కనబడును.

బామ్ 1856 మే 15వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి చిటెనాంగో గ్రామమున జన్మించెను. యౌవనమున నాటకములాడెను; బండి ఇరుసులకు పూయు కందెన అమ్మెను; డకోటా ప్రాంతమందలి అబెర్డీను పట్టణమున దుకాణము పెట్టి నష్టపోయెను; అచటనే వారపత్రిక నడపి దానిని గూడ నిలుపుకొనలేకపోయెను. 1891లో షికాగో చేరి పింగాణి సామానుల వర్తకుల తరఫున ఊరూర తిరిగెను. ఇంటనున్నప్పుడు తన నలుగురు కుమారులకును, ఇరుగుపొరుగు పిల్లలకును కథలు చెప్పుట ఆయనకు అలవాటు. చేపట్టిన వ్యాపారములేవియు చక్కగా కలిసిరాని ఆ మనుష్యునకు చివరకు అక్కరకు వచ్చినది ఆ అలవాటే. 1900లో, నలుబదినాలుగేండ్ల వయస్సున, 'ది వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్' అను పుస్తకము ఆయన పేర వెలువడెను. దానికి డబ్ల్యు. డబ్ల్యు. డెన్‌స్లో రంగుల బొమ్మలు వేసెను.

ఆ కథ సరళమైనది. కాన్సస్ మైదానమున బాబాయి హెన్రీ, పిన్ని ఎమ్ అను బీదరైతుల యింట పెరుగుచున్న డొరతీ అను బాలికను, ఆమె కుక్కపిల్ల టోటోను, ఒక సుడిగాలి ఇంటితో కూడ లేపుకొనిపోయి ఓజ్ అను అద్భుత దేశమున దింపును. దారిలో మెదడు కావలెనని కోరు గడ్డి దిష్టిబొమ్మ, గుండె కావలెనని కోరు రేకు మనిషి, ధైర్యము కావలెనని కోరు పిరికి సింహము ఆమెకు తోడగుదురు. వారందరు నమ్ముకొని పోయిన మహామాంత్రికుడు వట్టి గారడివాడని తేలును. డొరతీ తుదకు ఇల్లు చేరును. కాశీమజిలీ కథలతో పెరిగిన తెలుగు చదువరికి ఈ అద్భుతయాత్రా పద్ధతి క్రొత్త కాదు. బామ్ తలపెట్టిన క్రొత్తదనము వేరు. పాత కథలలో నీతి బోధించుటకై చొప్పించిన భయములను, ఘోరశిక్షలను తొలగించి, పిల్లలకు కేవలము సంతోషము కలిగించు కథ వ్రాయవలెనని తన సంకల్పమని ఆయన మొదటి పీఠికలోనే ప్రకటించెను. ఈ మాట జ్ఞాపకముంచుకొనదగినది. పిల్లల సంతోషమునకే కథ వ్రాసితినని చెప్పినవాడు, ఆ పిల్లలు అడిగినపుడు కాదనుట కష్టము.

మొదటి పుస్తకము వ్రాసినప్పుడు బామ్ మనస్సున కథామాల అను ఊహ లేదు. డొరతీ ఇల్లు చేరెను, కథ ముగిసెను. 1902లో షికాగో రంగస్థలమున ఓజ్ కథ సంగీతనాటకముగా ప్రదర్శింపబడి గొప్ప ప్రజాదరణము పొందెను. పిల్లల ఉత్తరములు అంతకుముందు నుండియే వచ్చుచుండెను. దూరప్రయాణము చేసి వచ్చి తన్ను అడిగిన డొరతీ అను పేరుగల ఒక చిన్న బాలికతో, వేయిమంది బాలికలు వేయి ఉత్తరములు వ్రాసినచో దిష్టిబొమ్మను గూర్చియు, రేకు మనిషిని గూర్చియు మరియొక కథ వ్రాయుదునని మాట యిచ్చితినని, 1904లో వెలువడిన రెండవ పుస్తకపు పీఠికలో బామ్ చెప్పెను. ఉత్తరములు వచ్చినవి కనుక మాట నిలుపుకొంటినని గూడ చెప్పెను. పెద్దలు పిల్లలను మరపించుటకు చెప్పు గడువు వంటిది ఆ వేయి ఉత్తరముల షరతు. పిల్లలు దానిని నిజమైన ఒడంబడికగా పుచ్చుకొనిరి.

ఆ రెండవ పుస్తకమున డొరతీ లేదు. చదువరులు ఆ లోపమును క్షమింపలేదు. డొరతీ యేదియని అడిగిరి; పిరికి సింహమేమాయెనని అడిగిరి. 1907లో వచ్చిన 'ఓజ్మా ఆఫ్ ఓజ్' అను మూడవ పుస్తకమున డొరతీయు, సింహమును మరల కనబడుటకు ఆ అడుగుటయే కారణమని పీఠిక చెప్పుచున్నది. పిదప 1908లో ఒకటి, 1909లో ఒకటి, ఏటేట క్రొత్త పుస్తకము వచ్చుచుండెను.

ఈ నడుమ బామ్ ఊరకుండలేదు. క్రిస్మసు తాతను గూర్చి 1902లోను, ఇక్స్ అను దేశపు రాణిని గూర్చి 1905లోను, రొట్టెపిండి మనుష్యుని గూర్చి 1906లోను వేరువేరు అద్భుతకథలు వ్రాసెను. చదివినవారు మెచ్చుకొనిరి, మెచ్చుకొని, ఓజ్ కథ ఎప్పుడని అడిగిరి. 1908 నాటి పీఠికలో బామ్ నవ్వుచునే తన కష్టము చెప్పుకొనెను: తనకు వేరు కథలెన్నో తెలియును, వానిని గూడ చెప్పవలెనని కోరిక యున్నది, కాని తన చిన్నారి నిరంకుశులు సాగనీయరని దాని భావము. ప్రేమతో చెప్పిన మాటయే. అయినను అందలి విసుగు దాగలేదు.

విసుగునకు తోడు అప్పు గూడ చేరెను. 1908లో బామ్ ఓజ్ కథలను తెరమీద చూపుటకు ఒక వింత ప్రదర్శనము సిద్ధపరచెను. రంగులద్దిన చలనచిత్రములు, గాజుపలకల బొమ్మలు, వాద్యబృందము, రంగస్థలముమీద స్వయముగా కథ చెప్పు రచయిత: ఇన్నియు అందు కలవు. జనము వచ్చిరి, కాని వచ్చిన పైకము ఖర్చునకు చాలలేదు. కొన్ని నెలలకే ప్రదర్శనము మూతపడెను, అప్పు నిలిచెను. ఇట్టి స్థితిలో 1910వ సంవత్సరము వచ్చెను.

ఆ యేడు షికాగోలోని రైలీ అండ్ బ్రిటన్ సంస్థ ప్రచురించిన ఆరవ పుస్తకము పేరు 'ది ఎమరాల్డ్ సిటీ ఆఫ్ ఓజ్', అనగా మరకత నగరము. కథామాలను ముగించు ఉద్దేశముతో వ్రాయబడినది అది. దాని పీఠికలో బామ్ ఒక వింతమాట చెప్పెను. పిల్లలు ఉత్తరములలో పంపిన సూచనలు ఇందు చాల వాడుకొంటిని గనుక, ముఖపత్రముమీద తన పేరుతోబాటు వారి పేరును గూడ వేయుట న్యాయమేమోనని ఆయన భావము. చదువరులను సహరచయితలని పిలిచిన పుస్తకముననే వారికి సెలవు చెప్పదలచుట ఇందలి చిత్రము.

కథ యిట్లు నడచును. హెన్రీ బాబాయి తన పొలమును తాకట్టు పెట్టి యిల్లు కట్టుకొనెను, అప్పు తీర్చలేకపోయెను, పొలము పోవు గడియ వచ్చెను. డొరతీ ఓజ్ రాణియగు ఓజ్మాను వేడుకొని, బాబాయిని, పిన్నిని వెంటబెట్టుకొని శాశ్వతముగా ఓజ్ దేశమునకు తరలిపోవును. అదే సమయమున భూగర్భమున నివసించు నోమ్ రాజు మృత్యు ఎడారి క్రిందుగా సొరంగము త్రవ్వించి, క్రూరజాతుల నెన్నింటినో కూడగట్టుకొని ఓజ్ మీదికి దండెత్తును. ఓజ్మా యుద్ధము చేయనొల్లదు. దిష్టిబొమ్మ చెప్పిన ఉపాయమున సొరంగమంతయు దుమ్ముతో నింపబడును. దాహముతో నోరెండి పైకి వచ్చిన శత్రువులు ఎదుటనున్న మరపునీటి ఊట త్రాగి, తామెవరో, ఏల వచ్చిరో మరచిపోవుదురు. ఆపద గడచును. కాని గాలి ఓడలు ఎగురు కాలము వచ్చినది గనుక, ఇక మీదట ఎవరైనను ఆకాశమార్గమున ఓజ్ చేరవచ్చునను భయము మిగులును. రైట్ సోదరులు మొదట ఎగిరినది 1903లో. ఈ పుస్తకము వచ్చినది అటుపై ఏడేండ్లకు. అందుచేత గ్లిండా అను సన్మంత్రగత్తె ఓజ్ దేశమంతయు బయటివారి కంటికి కనబడకుండునట్లు మంత్రము వేయును.

చివరి అధ్యాయమున రచయితకు డొరతీ నుండి ఒక జాబు వచ్చినట్లు చెప్పబడినది. తెల్లని కొంగ ఈకమీద వ్రాసిన జాబు అది. ఓజ్ లోకమునుండి వేరుపడినది గనుక ఇక దాని వార్తలు రావనియు, తనకును టోటోకును పిల్లలందరిమీద ప్రేమ ఎన్నటికి నుండుననియు దాని సారాంశము. తాకట్టు పొలము విడిచి, అప్పులవాండ్లకు అందని దేశమునకు పోయిన ఆ కుటుంబపు కథను, అప్పులలో మునిగియున్న రచయిత ఆ యేడే వ్రాయుట గమనింపదగినది. ఆ ముగింపు బిగువైనది. తలుపు మూయుటయే కాదు, తలుపు ఎచటనున్నదో తెలియకుండ చేయుట అది.

చదువరులు ఆ బిగువును లెక్కచేయలేదు. ఉత్తరములు ఆగలేదు. బామ్ 1910లో కాలిఫోర్నియాకు తరలి, హాలీవుడ్డులో ఇల్లు కట్టుకొని దానికి ఓజ్‌కాట్ అని పేరు పెట్టుకొనెను. ఓజ్ కథలు మానినవాడు తన యింటికి ఓజ్ పేరు పెట్టుకొనుట ఆయన మనస్సు కూడ పూర్తిగా వేరుపడలేదని తెలుపుచున్నది. 1911లో 'ది సీ ఫెయిరీస్' అను సముద్రగర్భకథను, 1912లో 'స్కై ఐలాండ్' అను ఆకాశద్వీపకథను వ్రాసెను. రెండింటను ట్రాట్ అను బాలికయు, క్యాప్‌న్ బిల్ అను కొయ్యకాలి నావికుడును ముఖ్యపాత్రలు. రెండవదానిలో, పాత ఓజ్ పుస్తకమున కనబడిన బటన్ బ్రైట్, పాలిక్రోమ్ అను పాత్రలను గూడ ప్రవేశపెట్టెను. చదువరులు కోరినదానిలో కొంత యిచ్చి వారిని సమాధానపరచు ప్రయత్నము అది. పుస్తకములు చక్కనివే, కాని ఓజ్ పుస్తకములంతగా అమ్ముడుపోలేదు. ఇంతలో 1911లో బామ్ దివాలా ప్రకటింపవలసి వచ్చెను.

కనుక ఆయన తిరిగి ఓజ్ వ్రాయుటకు పిల్లల ప్రేమ ఒక్కటియే కారణమని చెప్పుట సగము సత్యము. ధనపు అక్కర గూడ కారణమే. ప్రచురణకర్తల ప్రయోజనము గూడ కారణమే. అయినను పిల్లలు ఇతరకథలకు ఒప్పుకొనియుండినచో ఆ అక్కర మరియొక విధమున తీరియుండెడిది. వారు ఒప్పుకొనలేదు. వారి తిరస్కారము ఉత్తరములలో ఎంత స్పష్టముగా నుండెనో, కొనక మానిన ప్రతులలో అంత స్పష్టముగా నుండెను.

మూసిన తలుపు తెరచుట ఎట్లు? ఓజ్ కనబడదు, వినబడదు అని చెప్పినవాడు తానే. మాట తప్పక మాట మార్చు ఉపాయము కావలెను. ఆ ఉపాయమును చూపినది ఒక బాలపాఠకుడో, పాఠకురాలో. 1913లో వెలువడిన 'ది ప్యాచ్‌వర్క్ గర్ల్ ఆఫ్ ఓజ్' పీఠికలో బామ్ ఆ సంగతి చెప్పెను. తీగలేని తంతి, అనగా వైర్‌లెస్, ఉండగా ఓజ్ వార్తలు తెలిసికొనుటకు అడ్డేమని పిల్లలలో ఒకరు సూచించిరట. అంతట రచయిత తన పెరటిలో ఎత్తైన స్తంభము నిలిపి, తంతివిద్య నేర్చుకొని, డొరతీని పిలుచుచు గాలిలోనికి వార్తలు పంపెననియు, జరుగునది జరిగినట్లు తనంతట నమోదగు గ్లిండా పుస్తకమున ఆ పిలుపు కనబడెననియు, ఓజ్మా అనుమతితో జవాబు వచ్చెననియు ఆ పీఠికలోని కథ.

మార్కొని అట్లాంటిక్ సముద్రము మీదుగా తీగలేని సంకేతమును అందుకొనినది 1901లో. 1912 ఏప్రిలులో టైటానిక్ ఓడ మునిగినప్పుడు ఏడువందల పైచిలుకు ప్రాణములు దక్కుటకు వైర్‌లెస్ పిలుపే కారణమని లోకమంతట చెప్పుకొనిరి. గాలి ఓడకు భయపడి మూసిన దేశమును గాలిలో పోవు వార్తతో తెరచుట, ఆ కాలపు బాలబుద్ధికి తగిన యుక్తి. రచయిత కట్టిన గోడలో సందు ఎచటనున్నదో కనిపెట్టినది చదువరి. కథ నెంత శ్రద్ధగా చదివినచో ఆ సందు కనబడునో ఊహింపవచ్చును. గోడ కంటికే అడ్డు. మాటకు అడ్డు కాదు.

ఇట్టి ఘటనము ఇదియే మొదటిది కాదు. 1893 డిసెంబరులో ఆర్థర్ కానన్ డాయిల్ తన అపరాధపరిశోధకుడు షెర్లాక్ హోమ్సును జలపాతమున పడవేసి కథలు ముగించెను. పాఠకుల పోరు పడలేక 1903లో అతనిని బ్రతికించి తెచ్చెను. ఆ పాఠకులు పెద్దవారు, పత్రికకు చందా కట్టువారు. ఓజ్ పాఠకులు తపాలా బిళ్ళకు తల్లిని అడుగు వయస్సువారు. అయినను వారు మూడేండ్లలోనే సాధించిరి.

1913 తరువాత బామ్ మరల వాదింపలేదు. ఏటికొక ఓజ్ పుస్తకము వ్రాసెను. పిల్లల ప్రశ్నలు ఆ పుస్తకములకు నారుమడి అయ్యెను. ఓజ్ దేశమున జంతువులన్నియు మాటలాడుచుండగా టోటో ఏల మాటలాడదను చిక్కు 1914 నాటి పుస్తకమున తీరెను. టోటో నోరు తెరచెను. ట్రాట్‌ను, క్యాప్‌న్ బిల్‌ను ఓజ్ చేర్చుమని కోరిరి. 1915లో వారు చేరిరి. రేకు మనిషి మనిషిగానుండిన కాలమున పెండ్లాడదలచిన పిల్ల ఏమాయెనని చాల యేండ్లు అడిగిరి; 1918 నాటి పుస్తకము దానికి జవాబు. మొదటి పుస్తకములోని ఒక చిన్న సంగతిని పదునెనిమిదేండ్లు మరువక అడిగిన చదువరుల శ్రద్ధ సామాన్యము కాదు. వారిలో మొదట అడిగినవారు అప్పటికి పెద్దవారై యుందురు; ప్రశ్న మాత్రము తమ్ములకు, చెల్లెండ్రకు సంక్రమించియుండును.

ఈ ప్రేమకు రచయిత చెల్లించిన వెల గూడ చెప్పవలెను. 1916లో వచ్చిన 'రింకిటింక్ ఇన్ ఓజ్' అను పుస్తకము చూడుడు. అది బామ్ ఏనాడో, 1905 ప్రాంతమున, ఓజ్‌తో సంబంధము లేకుండ వ్రాసి యుంచిన స్వతంత్రకథ. సముద్రద్వీపములు, మూడు మాయముత్యములు, చెరపడిన తలిదండ్రులను విడిపింపబోవు రాజకుమారుడు గల నిండుకథ. ఓజ్ పేరు లేనిదే పుస్తకము సాగదని తెలిసిన పిదప, చివర డొరతీని ప్రవేశపెట్టి దానిని ఓజ్ కథగా మార్చెను. బాలుడు తన సాహసముతో సాధింపవలసిన విజయమును బయటినుండి వచ్చిన డొరతీ సాధించును. చదువరికి కోరినది దక్కెను. ఆ కథకు దక్కవలసిన ముగింపు దక్కలేదు. పాఠకుల ఆదరణము రచయితకు అన్నము పెట్టును. అదియే కొన్నివేళల ఆయన చేయి గూడ పట్టుకొనును. రెండును నిజములే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట చరిత్ర కాదు.

1918 నాటికి బామ్ ఆరోగ్యము చెడెను. పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగెను, గుండె బలహీనపడెను. అయినను తరువాతి పుస్తకములు సిద్ధపరచెను. 1919 మే 6వ తేదీన హాలీవుడ్డులోని తన యింట మరణించెను. అరువదిమూడు నిండుటకు తొమ్మిది దినములు మిగిలియుండెను. ఆ యేడు 'ది మ్యాజిక్ ఆఫ్ ఓజ్', మరుసటియేడు 'గ్లిండా ఆఫ్ ఓజ్' వెలువడినవి. ఈ రెండవది ఆయన పదునాలుగవ ఓజ్ పుస్తకము, కడపటిది.

దానికి పీఠిక వ్రాయుటకు రచయిత లేడు. ప్రచురణకర్తలే వ్రాసిరి. ఓజ్ కథలు పుట్టకముందే లోకమునుండి పోయిన చిన్నారులకు తన కథలు వినిపింపబోయెనని బామ్ మరణమును వారు పిల్లలకు సౌమ్యముగా తెలిపిరి. తనకు వచ్చిన ఉత్తరములన్నింటికిని జవాబు వ్రాయుటకు ఆయన యత్నించెననియు, అవి చాల యెక్కువగుటచే కొన్ని మిగిలిపోయినవనియు చెప్పిరి. జవాబు రాని ఉత్తరము వ్రాసిన బిడ్డ ఏయే ఊర ఎదురుచూచుచుండెనో తెలియదు. ఆ వాక్యము ఆ బిడ్డ కొరకు వ్రాసినట్లున్నది. రచయిత అసంపూర్తిగా వదలిన కొన్ని గుర్తులున్నవనియు, వానినెన్నడైన కూర్చి అందింతుమనియు గూడ మాట యిచ్చిరి. మొదటి ముగింపు నాడు తలుపు మూసినవాడు రచయిత. రెండవ ముగింపు నాడు తలుపు మూసినది మృత్యువు. అప్పుడు గూడ తలుపు ఓరగా తెరచియుంచవలసి వచ్చెను. చదువరులు ఒప్పుకొనరని ప్రచురణకర్తలకు అనుభవపూర్వకముగా తెలియును.

1921లో 'ది రాయల్ బుక్ ఆఫ్ ఓజ్' వెలువడెను. ముఖపత్రముమీద బామ్ పేరే యుండెను. దానిని పెంచి సంస్కరించినది రూత్ ప్లమ్లీ థాంప్సన్ అని వ్రాయబడెను. ఫిలడెల్ఫియాలో ఒక దినపత్రికకు పిల్లల పుట నడపుచుండిన యువతి ఆమె. ఆ పుస్తకమంతయు ఆమె రచనయేయని పిదప తేలెను. 1939 వరకు ఆమె ఏటికొకటి చొప్పున పందొమ్మిది ఓజ్ పుస్తకములు వ్రాసెను. తరువాత, బొమ్మలు వేయుచు వచ్చిన జాన్ ఆర్. నీల్ మూడు, మరి కొందరు కొన్ని వ్రాయగా, 1963 నాటికి పాత ప్రచురణసంస్థ పరంపరలో నలుబది పుస్తకములయ్యెను. బామ్ ఓజ్ వేరు, థాంప్సన్ ఓజ్ వేరు అను వాదము ఓజ్ అభిమానులలో నేటికిని కలదు. వాదమున్నచోట ప్రేమయున్నట్లే.

ఇక గ్రంథాలయముల సంగతి. ఇంతగా పిల్లలు కోరిన పుస్తకములను అమెరికాలో పెక్కు గ్రంథాలయములు చాల కాలము దూరముంచినవి. వరుసకథలు సాహిత్యము కావనియు, వాని శైలి సామాన్యమనియు కొందరు గ్రంథపాలకుల అభిప్రాయము. 1957లో డెట్రాయిట్ నగర గ్రంథాలయ సంచాలకుడు రాల్ఫ్ ఉల్వెలింగ్, ఓజ్ పుస్తకములలో పిల్లలను ఉన్నతపరచు గుణమేదియు లేదని చెప్పినట్లు పత్రికలలో రాగా పెద్ద దుమారము రేగెను. తాము నిషేధింపలేదని, పిల్లల విభాగములకు చాల యేండ్లుగా కొనకుంటిమని మాత్రమే ఆయన సమాధానము. 1959లో ఫ్లారిడా రాష్ట్ర గ్రంథాలయాధికారిణి కొనరాదని, దానముగా గూడ స్వీకరింపరాదని పంపిన జాబితాలో సైతము ఓజ్ చేరెను.

ఈ గ్రంథపాలకులు దురుద్దేశముగలవారు కారు. పరిమితమైన ద్రవ్యముతో ఏది కొనవలెనను చిక్కు వారికుండెను. మంచి పుస్తకము పిల్లల చేత పెట్టవలెనను ఆశయముండెను. లోపమొక్కటే. పిల్లలకు ఏది మంచిదని పెద్దలను అడిగిరి. పిల్లలు ఏది చదువుచున్నారని పిల్లలను అడుగలేదు. బామ్ పీఠికలలో వారి సమాధానము 1904 నుండియు అచ్చయియే యున్నది. 1957లోనే, పదుమూడేండ్ల బాలుడొకడు పదహారుగురు సభ్యులతో అంతర్జాతీయ ఓజ్ సంఘమును స్థాపించి పత్రిక నడుపనారంభించెను. అల్మారాలో చోటు దొరకని కథ చదువరుల నడుమ చోటు చేసికొనెను.

ఈ చరిత్ర గతించిన కాలమునకే చెందినది కాదు. 2007 జూలై 21న హారీ పోటర్ కథామాల యందలి ఏడవదియు తుదిదియునగు పుస్తకము వెలువడినప్పుడు, పిల్లలును పెద్దలును అర్ధరాత్రి అంగళ్ళ ముందు బారులు తీరిరి. అమెరికాలోనే మొదటి 24 గంటలలో 83 లక్షల ప్రతులు అమ్ముడుపోయెను. పందొమ్మిదేండ్ల తరువాతి సంగతులు చెప్పు దాని చివరి చిన్న అధ్యాయము ఉండవలెనా, ఉండరాదా అను తగవు చదువరులలో చాల కాలము నడచెను. అదే సంవత్సరము సెప్టెంబరులో 'ది వీల్ ఆఫ్ టైమ్' అను బృహత్కథ వ్రాయుచున్న రాబర్ట్ జోర్డన్ దానిని ముగింపకయే మరణించెను. ఆయన వదలిన గుర్తుల ఆధారముగా, ఆయన భార్యయు సంపాదకురాలునగు హారియెట్ మెక్‌డూగల్ కోరికపై బ్రాండన్ శాండర్సన్ మూడు సంపుటములు వ్రాసి 2013 జనవరిలో కథను పూర్తిచేసెను. ఆ కథామాల ప్రధాన సంపుటములు గూడ పదునాలుగే. 1920లో ఓజ్ ప్రచురణకర్తలు చేసిన వాగ్దానము వంటిది ఇచట నిజముగా నెరవేరెను. తుది సంపుటము చదివి, ఎదురుచూపు తీరినదని సంతోషించినవారే, ఇక ఎదురుచూచుటకు ఏమియు లేదని చింతించిరి.

ఈ రెండు భావములు ఒకే హృదయమున నుండుటయే ఓజ్ చరిత్ర తెలుపు సత్యము. చదువరి ముగింపు కోరును. ముగింపు వచ్చినపుడు దానితో పేచీ పెట్టుకొనును. పేచీ పెట్టుకొనుట గ్రంథమునకు అవమానము కాదు. ఏ పుస్తకపు ముగింపును గూర్చి ఎవరును తగవులాడరో, దానిని ఎవరును మనసిచ్చి చదువలేదనియే గ్రహింపవలెను.

గ్రామ గ్రంథాలయమునకు ఇందు నేర్వదగినది కలదు. పుస్తకములు తీసికొన్నవారి పేర్లు, తేదీలు చిట్టాలో నుండును. వారేమనిరో మాత్రము ఏ చిట్టాలోను ఉండదు. ఏ పుస్తకపు అట్ట ముందుగా చిరిగినదో, ఏ సంపుటమునకై ఏ బాలుడు వారము వారము వచ్చి అడిగిపోవుచుండెనో, చివరి భాగము చదివి ఏ బాలిక కోపగించుకొనెనో గ్రంథపాలకునకు తెలియును. ఆయన తరువాత ఎవరికిని తెలియదు. ఆ మాటలు వ్రాసియుంచుటకు వేరుగా ద్రవ్యమక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. బామ్ పీఠికలలో తన చదువరుల మాట భద్రపరచి యుండనిచో, ఓజ్ కథ ఎందుకు వెనుకకు వచ్చెనో నేడు చెప్పగలవారుండరు. కథను కంచికి పంపుట చెప్పువాని చేతిలోనున్నది. అది నిజముగా కంచికి చేరినదో, దారిలోనుండి తిరిగి వచ్చినదో విన్నవారినే అడుగవలెను.